తాలింపు ఎందుకు కంపు కొడుతుంది: జలుబు తగ్గినా తిరిగిరాని వాసన గురించి

(అమలాపురంలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చెవి, ముక్కు, గొంతు వైద్యురాలు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం.

ఇలాంటి సభలకు డాక్టరును పిలిస్తే గుండె గురించో, చక్కెర గురించో మాట్లాడమంటారు. ఈసారి నిర్వాహకులు విషయం నాకే వదిలేశారు. అందుకని నా దగ్గరికి వచ్చేవాళ్లు అన్నిటికన్నా సిగ్గుపడుతూ చెప్పుకునే బాధను ఎంచుకున్నాను. వాళ్లకు రక్తపరీక్షలన్నీ సవ్యంగా ఉంటాయి, స్కానింగులో ఏమీ కనిపించదు. కుర్చీలో కాసేపు అటూ ఇటూ కదిలి, "డాక్టరు గారూ, నాకు వాసన తెలియడం లేదు" అంటారు. వెంట వచ్చినవాళ్లు నవ్వు ఆపుకుంటారు.

ఆ నవ్వును నేను తప్పుపట్టను. చూపు తగ్గితే కళ్లద్దాలు వస్తాయి, చెవి తగ్గితే యంత్రం వస్తుంది. ముక్కు పనిచేయడం మానేస్తే బయటికి ఒక్క గుర్తూ కనిపించదు. పైగా అందరూ చెప్పే ఓదార్పు ఒకటుంది: "పోనీలెండి, కంపు కూడా తెలియదు కదా, అదీ మంచిదే." ఈ ఓదార్పు చెప్పినవాళ్లలో ఎవరూ అలాంటి ముక్కుతో ఒక్క పూట భోజనం చేసినవాళ్లు కారు.

పెళ్లిళ్లకు వంట చేసే మేస్త్రి ఒకాయన నా దగ్గరికి వచ్చారు. శుభకార్యాల వంట నోట్లో వేసుకుని రుచి చూడకూడదన్నది మన పద్ధతి. గుండిగ మూత తీసి, పైకి వచ్చే ఆవిరిని బట్టి చింతపండు పచ్చివాసన పోయిందో లేదో చెప్పగలిగినవాడే మేస్త్రి. ఆయనకు ఆవిరి వేడిగా తగులుతోంది, అంతే. కొడుకును పక్కన నిలబెట్టుకుని "ఎలా ఉంది?" అని అడుగుతూ వండుతున్నారు. ఇంకొకరు భీమవరం వైపు రొయ్యల రైతు. చెరువు అడుగు మట్టి తీసి వాసన చూడటం వాళ్లకు రోజువారీ పని. మట్టి నల్లబడి, కుళ్లిన గుడ్డు కంపు కొడితే హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుందని, రొయ్యలకు ముప్పు వచ్చిందని అర్థం. ఆ కంపు తెలియకపోతే, రొయ్యలు తేలిన తర్వాతే విషయం తెలుస్తుంది. "కంపు తెలియకపోవడం మంచిదే" అని ఆయనతో అనగలరా? మరొకరు బాలింతరాలు. బిడ్డ మాడు దగ్గర ముక్కు పెట్టి, ఏమీ తెలియక ఏడ్చింది. ఆమెకు నేనేమి చెప్పానో ఇప్పుడు అప్రస్తుతం. ముగ్గురి కథా ఒక్కటే: జ్వరం, జలుబు వచ్చాయి, తగ్గాయి, వాసన మాత్రం తిరిగి రాలేదు.

ఇది ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ముక్కు లోపలికి వెళ్లాలి. వాసన పట్టే పొర ముక్కు రంధ్రం దగ్గర లేదు. సుమారు 7 సెంటీమీటర్లు లోపల, రెండు కళ్ల మధ్య, ముక్కు పైకప్పులో ఉంటుంది. వైశాల్యం కొద్ది చదరపు సెంటీమీటర్లే. మామూలుగా ఊపిరి తీసుకుంటే లోపలికి వెళ్లే గాలిలో చిన్న వంతే అక్కడిదాకా చేరుతుంది. మల్లెపూలు కనపడగానే మనం గాలిని ఎగబీల్చేది అందుకే. ఆ పొరలో లక్షల సంఖ్యలో నాడీకణాలు ఉంటాయి. వాటి సన్నని తీగలు జల్లెడ ఎముక అనే పలుచని ఎముక చిల్లుల గుండా పైకి పోయి మెదడు అడుగుభాగాన్ని చేరతాయి. మెదడుకు, బయటి గాలికి మధ్య ఇంత తక్కువ అడ్డు ఉన్న చోటు శరీరంలో ఇంకొకటి లేదు.

ఒక్కొక్క నాడీకణం మీద ఒకే రకం గ్రాహకం, అంటే వాసన అణువును పట్టుకునే ప్రోటీన్, ఉంటుంది. మనుషుల్లో ఈ గ్రాహకాలు సుమారు 400 రకాలు. 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే శాస్త్రవేత్తలు వీటికి సంబంధించిన జన్యువులను గుర్తించారు, 2004లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. మల్లెకు ఒక గ్రాహకం, ఇంగువకు ఒక గ్రాహకం అని ఉండదు. ఒక్కో వాసనకు కొన్ని గ్రాహకాలు కలిసి స్పందిస్తాయి. ఏవేవి స్పందించాయన్న కలయికను బట్టి మెదడు ఇది మల్లె, ఇది సంపెంగ అని తేల్చుకుంటుంది. ఇంకొక సంగతి. మెదడులోనూ వెన్నులోనూ నాడీకణం చచ్చిపోతే దాదాపు పోయినట్టే. ముక్కులోవి మాత్రం కొంతకాలానికి రాలిపోతాయి, పొర అడుగున ఉన్న మూలకణాల నుంచి కొత్తవి పుడుతూ ఉంటాయి, జీవితాంతం. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. ఇక ముందు నేను చెప్పబోయే ఆశలన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి.

జలుబు వల్ల వాసన పోవడం కోవిడ్‌తో మొదలైనది కాదు. రైనోవైరస్, ఇన్‌ఫ్లుయెంజా వంటివి తగ్గాక వాసన తిరిగి రానివాళ్లు మాకు ముందునుంచీ తెలుసు. ఎక్కువగా నడివయసు దాటిన స్త్రీలు. వాళ్లను ఎవరూ పట్టించుకోలేదు, నిజం చెప్పాలంటే మా శాఖ కూడా పెద్దగా పట్టించుకోలేదు. 2020లో ఒక్కసారిగా ప్రపంచమంతటా ముక్కులు మూగబోయాక అందరికీ తెలిసింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా ఆ ఏడాది జూన్‌లో వాసన, రుచి పోవడాన్ని కోవిడ్ లక్షణాల్లో చేర్చింది.

మామూలు పడిశంలో ముక్కు దిబ్బడ వేసి గాలి పైకి చేరదు కనుక వాసన తెలియదు, దిబ్బడ వదిలితే తెలుస్తుంది. కోవిడ్‌లో చాలామందికి ముక్కు ఖాళీగానే ఉంది, గాలి హాయిగా ఆడుతోంది, అయినా వాసన లేదు. ఎందుకంటే కణంలోకి దూరడానికి వైరస్ తాళంలా తెరుచుకునే ఏస్2 అనే ప్రోటీన్ వాసన నాడీకణాల మీద ఉండదు, వాటి చుట్టూ నిలిచి వాటిని పోషించే ఆసరా కణాల మీద ఉంటుంది. 2020లోనే హార్వర్డ్ పరిశోధకులు దీన్ని చూపించారు. ఆసరా కణాలు దెబ్బతినగానే నాడీకణాలు పని మానేస్తాయి. చాలామందిలో ఆసరా కణాలు త్వరగా తిరిగి పెరుగుతాయి, రెండు మూడు వారాల్లో వాసన వచ్చేస్తుంది. కొందరిలో దెబ్బ లోతుగా దిగి నాడీకణాలు కూడా రాలిపోతాయి. ఇంకా కొందరిలో, వైరస్ వెళ్లిపోయినా దాన్ని వెళ్లగొట్టడానికి వచ్చిన రోగనిరోధక కణాలు అక్కడే తిష్ఠ వేస్తాయి. 2022 చివర అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు దీర్ఘకాలంగా వాసన లేనివారి ముక్కు పొర నుంచి చిన్న ముక్కలు తీసి చూస్తే, వాటిలో ఈ కణాలు, తగ్గిన నాడీకణాలు కనిపించాయి. కాబట్టి "అంతా మీ ఊహ" అని ఇంట్లోవాళ్లు అంటే నమ్మకండి. దెబ్బ ఊహలో కాదు, పొరలో ఉంది.

ఎంతమందికి తిరిగి వస్తుంది? 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. కోవిడ్‌తో వాసన పోయినవాళ్లలో 30 రోజులకు 74 శాతం, 90 రోజులకు 90 శాతం, 180 రోజులకు దాదాపు 96 శాతం మంది కోలుకున్నారు. ఐదారు శాతం మందికి లోటు చాలాకాలం ఉండిపోవచ్చని వాళ్ల అంచనా. స్త్రీలకు, మొదట్లోనే బాగా దెబ్బతిన్నవాళ్లకు కోలుకునే అవకాశం కాస్త తక్కువ. ఐదు శాతమే కదా అనిపిస్తుంది. కోట్ల మందికి వాసన పోయిందంటే, వాళ్లలో ఐదు శాతం ఎన్ని లక్షల ఇళ్లో మీరే లెక్క వేసుకోండి.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష చెబుతాను, ఇంటికి వెళ్లి చేయండి. ఆత్రేయపురం పూతరేకు ఒకటి తీసుకోండి. ముక్కు గట్టిగా మూసుకుని ఒక ముక్క నోట్లో వేసుకోండి. తీపి తెలుస్తుంది, కాగితంలా కరగడం తెలుస్తుంది. నెయ్యి తెలియదు, యాలకులు తెలియవు, బెల్లమో పంచదారో తేల్చుకోవడం కష్టం. మింగకుండానే ముక్కు వదలండి. అవన్నీ ఒక్కసారిగా వస్తాయి. నాలుకకు తెలిసినవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు రసంలో ఉండే కమ్మదనం, అంతే. మనం రుచి అనేదాంట్లో పెద్ద భాగం నోటి వెనుక నుంచి ముక్కులోకి ఎక్కే వాసనే. మిరప ఘాటు, పుదీనా చల్లదనం మాత్రం వేరే నాడి పని, ముఖానికి స్పర్శనిచ్చే నాడిది. అందుకే వాసన పోయినవాళ్లకు కూడా ఆవకాయ మంట తెలుస్తుంది, అమోనియా ముక్కుకు గుచ్చుకుంటుంది. "మంట తెలుస్తోంది కదా, మరి వాసన తెలియకపోవడమేమిటి, నాటకాలు!" అని అత్తగారు కోడలిని అన్న సందర్భం నాకు తెలుసు. నాటకం కాదమ్మా, రెండూ వేర్వేరు నాడులు.

పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు మన వైపు. వాసన లేని మనిషికి పులస ముక్కా, ఉడికిన బంగాళాదుంప ముక్కా నోట్లో దాదాపు ఒకటే, ముళ్లు తప్ప.

వాసన పూర్తిగా పోవడం కన్నా మనుషులను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి ఉంది. ఈ సాయంత్రం నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే. మూడు నాలుగు నెలలు గడిచాక, అప్పటిదాకా ఏమీ తెలియని ముక్కుకు ఏదో తెలియడం మొదలవుతుంది. మనిషి సంతోషిస్తాడు. మరునాడు ఇంట్లో తాలింపు వేస్తారు, ఆయన వాంతి చేసుకుంటాడు. కాఫీ కాలిన రబ్బరులా ఉంటుంది. ఉల్లిపాయలు వేగుతుంటే మురుగు కాలువ పక్కన నిలబడినట్టు ఉంటుంది. వెల్లుల్లి, కోడిగుడ్డు, చికెన్ వేపుడు, పళ్లపొడి, సబ్బు, ఒక్కోసారి తన చెమటే తనకు భరించరానిదవుతుంది. ఆశ్చర్యమేమిటంటే, కాఫీకి, ఉల్లికి, చికెన్‌కు, అన్నిటికీ ఒకే కంపు. ఇంతకుముందు ఎన్నడూ ఎరగని, పేరు పెట్టలేని కంపు. దీన్ని పారాస్మియా అంటాం. ఎదురుగా ఏమీ లేకుండానే పొగవాసన, కమురువాసన వస్తూ ఉంటే అది ఫాంటాస్మియా. నా దగ్గరికి ఈ దశలో వచ్చేవాళ్లు దాదాపు అందరూ "జబ్బు ముదిరింది, మెదడుకు ఎక్కింది" అనుకునే వస్తారు.

జరుగుతున్నది తరచుగా దానికి పూర్తిగా తిరగబడిన విషయం. 1996 నవంబరు తుపాను ఈ సీమను ఎలా ఊడ్చిపెట్టిందో ఇక్కడున్న పెద్దవాళ్లకు నేను చెప్పనవసరం లేదు. అలాంటి గాలివాన తర్వాత తెగిపోయిన ఫోను తీగల కట్టను హడావుడిగా కలిపితే ఏమవుతుంది? రావులపాలెం నంబరుకు చేస్తే రాజోలులో మోగుతుంది. కొన్ని నంబర్లు అసలు మోగవు. అయినా తీగల్లోకి ప్రాణం వచ్చిందన్నమాట నిజమే కదా? ముక్కులో కొత్తగా పుట్టిన నాడీకణాలు జల్లెడ ఎముక చిల్లుల గుండా తీగలను మళ్లీ మెదడుకు పంపాలి. కొన్ని దారి తప్పి వేరే చోట అతుక్కుంటాయి, కొన్ని రకాల గ్రాహకాలు ఇంకా మొలవనే మొలవవు. నలభై సంకేతాలు రావలసిన చోట నాలుగు వస్తే మెదడు ఆ అసంపూర్ణమైన కలయికను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టలేని దాన్ని ప్రమాదంగా లెక్కకట్టడం దాని స్వభావం. పారాస్మియాకు ఇవాళ ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇదే.

మరి అన్నిటిలో ఉల్లి, కాఫీ, వేపుడే ఎందుకు? బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు కాఫీ వాసనను విడివిడి అణువులుగా వేరుచేసి, పారాస్మియా ఉన్నవాళ్ల చేత ఒక్కొక్కటీ వాసన చూపించారు. కంపుగా తోచింది అన్నీ కాదు, కొన్ని అణువులే. వాటిలో మొదటిది టూ-ఫ్యూరాన్‌మిథేన్‌థయాల్ అనే గంధకం ఉన్న పదార్థం. మామూలు ముక్కుకు అది వేయించిన కాఫీ గింజల కమ్మదనం. అతి కొద్ది మోతాదులోనే ముక్కుకు తెలిసిపోయే పదార్థం అది. అలాంటివి వేయించినప్పుడు, కాల్చినప్పుడు పుడతాయి. ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ, గుడ్డు, అన్నిటిలోనూ గంధకపు పదార్థాలున్నాయి. మన తెలుగు వంటకు మూలమే తాలింపు. అంటే ఈ జబ్బు ఎక్కడ కొట్టాలో అక్కడే కొట్టింది.

అందుకని ఇంట్లో వంట చేసేవాళ్లకు నా మనవి. ఆ మనిషి "వాసన భరించలేకపోతున్నాను" అంటే మీ చేతివంటను తప్పుపట్టినట్టు కాదు. కొన్నాళ్లు అతనికి విడిగా పెట్టండి. వేడి పదార్థం నుంచి ఆవిరితో వాసన ఎక్కువ లేస్తుంది కనుక చల్లారినవి, చల్లనివి తేలిగ్గా దిగుతాయి. పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు, కొబ్బరినీళ్లు, ఉడికించిన పప్పు తాలింపు లేకుండా. తాలింపు వేసేటప్పుడు కిటికీలు తీయండి, ఆ కాసేపు అతన్ని అరుగు మీద కూర్చోబెట్టండి. అసలు ఏ వాసనా తెలియనివాళ్ల విషయంలో జాగ్రత్త వేరు. రుచి లేదని ఉప్పు, పంచదార రెట్టింపు చేసుకుంటారు. రక్తపోటు మందులు వాడేవాళ్లు ఊరగాయ నంజుకుని నంజుకుని ఆసుపత్రికి వస్తారు. ఉప్పుకు బదులు నిమ్మరసం, మిరియాలు, కరకరలాడే వడియం వంటివాటితో నోటికి పని చెప్పండి.

ఇక వైద్యం. ముందుగా మేము ముక్కులోకి చిన్న కెమెరా గొట్టం పంపి చూస్తాం. ముక్కులో కండ పెరిగిందా, సైనస్ చీము ఉందా, అలర్జీ వాపు ఉందా? ఉంటే అది వేరే జబ్బు, దానికి మందు ఉంది, కొన్నిటికి శస్త్రచికిత్స ఉంది. బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలినప్పుడు వాసన పోవడం కూడా సామాన్యమే. అవేవీ కాకుండా వైరస్ తర్వాత పోయిన వాసనకు, మింగగానే తిరిగి తెచ్చే మాత్ర ఈ రోజుకు లేదు. జింకు మాత్రలు, విటమిన్ల జాబితాలు రాసి ఇస్తే మనిషికి ఏదో చేశామన్న తృప్తి కలుగుతుంది, అంతకన్నా చూపించదగ్గ ఫలితం లేదు. స్టెరాయిడ్ మాత్రలు ఇష్టానుసారం వాడటం ప్రమాదం, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. రోగి రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవాన్ని ముక్కు పొరలో ఎక్కించే పద్ధతి మీద చిన్న ప్రయోగాలు జరిగాయి, ఆశ కలిగిస్తున్నాయి. ఇంకా పెద్ద ప్రయోగాలు జరగాలి.

ముక్కులో ఏదైనా పోసుకునే ముందు టొరంటో సంగతి వినండి. 1937లో అక్కడ పోలియో చెలరేగింది. వైరస్ ముక్కు ద్వారా మెదడుకు ఎక్కుతుందన్న నమ్మకంతో వేల మంది పిల్లల ముక్కుల్లోకి జింక్ సల్ఫేట్ చిమ్మారు. పోలియో ఆగలేదు. కొందరు పిల్లలకు మాత్రం వాసన పోయింది. అది పెద్ద పెద్ద డాక్టర్లు కలిసి చేసిన పని. ఇక ఫోనుల్లో తిరిగే నిమ్మరసం చుక్కలు, వెల్లుల్లి రసం చుక్కల గురించి నేను వేరే చెప్పాలా? ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం మంచిదే, అలర్జీ, చీమిడి ఉన్నవాళ్లకు ఉపయోగం. కాని కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. కాలువ నీళ్లు, చెరువు నీళ్లు, నేరుగా కుళాయి నీళ్లు వద్దు. ముక్కు నుంచి మెదడుకు పాకే అమీబా ఒకటుంది, అరుదే కాని వస్తే బతకడం కష్టం.

మరి ఏం చేయాలి? వాసన సాధన చేయాలి. 2009లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమెల్ బృందం ఈ పద్ధతిని ప్రకటించింది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి. ఈ నాలుగింటినీ రోజుకు రెండుసార్లు, పొద్దున, రాత్రి, 12 వారాల పాటు వాసన చూడటం. నాలుగే ఎందుకంటే పువ్వు, పండు, దినుసు, చెట్టు బంక, ఈ నాలుగు జాతుల నుంచి ఒక్కొక్కటి తీసుకున్నారు. చేయనివాళ్లకన్నా చేసినవాళ్లలో మెరుగుదల ఎక్కువమందికి కనిపించింది. ఆ తర్వాత చాలా దేశాల్లో ఇదే తేలింది. ఖర్చు దాదాపు లేదు, హాని లేదు. ఇంత చవక కావడమే దీనికి శత్రువు. మందులచీటీ మీద నాలుగు సీసాల పేర్లు రాస్తే, "ఇంతేనా?" అన్నట్టు నా ముఖం చూస్తారు.

మన ఇళ్లలో ఎలా చేసుకోవాలో చెబుతాను. మూత గట్టిగా ఉండే చిన్న గాజు సీసాలు నాలుగు. ఒకదాంట్లో దూది మీద నీలగిరి తైలం రెండు చుక్కలు. ఒకదాంట్లో లవంగ తైలం, పంటినొప్పికి వాడేదే. ఒకదాంట్లో నిమ్మతొక్క, రోజూ కొత్తది. గులాబీ దగ్గర ఒక చిక్కుంది. కడియం నర్సరీల్లో కన్నులపండుగగా ఉండే గులాబీలు చాలావాటికి వాసనే ఉండదు, రంగు కోసం, నిలవ కోసం పెంచినవి. వాసన ఉన్న నాటు గులాబీ రేకలు తీసుకోండి, లేదా గులాబీ తైలం వాడండి. సీసా ముక్కు దగ్గర పెట్టి, గట్టిగా కాకుండా, చిన్న చిన్నగా పది పదిహేను సెకన్లు పీల్చాలి. అర నిమిషం ఆగి తర్వాతది. పొడులు మాత్రం పీల్చకండి. పీలుస్తున్నంతసేపూ ఆ వాసన ఒకప్పుడు ఎలా ఉండేదో మనసులో తెచ్చుకోవాలి. టీవీ చూస్తూ చేస్తే ప్రయోజనం లేదు. మూడు నెలల తర్వాత నాలుగింటినీ మార్చండి: యాలకులు, మల్లె, పుదీనా, నారింజ తొక్క. ఇలా మార్చుకుంటూ పోయినవాళ్లకు ఇంకా మేలు జరిగిందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. కంపు కొట్టే దశలో ఉన్నవాళ్లు కాఫీతో, ఉల్లితో సాధన మొదలుపెట్టవద్దు. మూడు నెలలకు మానేయవద్దు, ఆరు నెలలు, ఏడాది అయినా సాగించండి. అందరికీ వస్తుందని నేను హామీ ఇవ్వను. వచ్చినవాళ్లకు కూడా అంతా పూర్వంలా రాకపోవచ్చు. ఇందాక చెప్పిన మేస్త్రికి ఇంగువ, నెయ్యి తెలుస్తున్నాయి, కొత్తిమీర ఇంకా తెలియదు. కొడుకును వెంట తీసుకెళ్లడం మానలేదు.

ఎంత తెలుస్తోందో కొలవడానికి పరీక్షలున్నాయి. అమెరికాలో గీకి వాసన చూసే 40 వాసనల పుస్తకం ఒకటుంది. అందులో గుమ్మడికాయతో చేసే వాళ్ల మిఠాయి, రూట్ బీర్ అనే వాళ్ల పానీయం వంటివి ఉంటాయి. ముక్కు నిక్షేపంలా ఉన్న కోనసీమ రైతు కూడా అందులో తప్పుతాడు. మనవాళ్లను మనకు తెలిసిన వాసనలతోనే పరీక్షించాలి.

చివరిగా భద్రత. ఈ ప్రాంతానికి గ్యాస్ అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. 1995లో పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం గ్రామంలో పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. వంటగ్యాస్‌కు సొంతంగా వాసన ఉండదు. లీకయితే తెలియాలని ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే కంపు పదార్థం కలుపుతారు. అంటే వంటింట్లో మన కాపలా అంతా ముక్కు మీదే పెట్టారు. ముక్కు లేనివాళ్ల ఇంట్లో ఆ కాపలా లేదు. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటరు కట్టేయడం, పాలు, కూరల మీద తేదీ రాసి పెట్టుకోవడం, చేప కొనేటప్పుడు మొప్పలు, కళ్లు చూసి కొనడం, ఒంటరిగా ఉండేవాళ్లయితే లీకు చూపే అలారం పెట్టించుకోవడం, ఇవన్నీ వాసన పోయిన రోజు నుంచే మొదలుపెట్టాలి.

ప్రశ్నలుంటే అడగండి.

*"మా అమ్మగారికి ఏ జలుబూ లేకుండానే రెండేళ్లుగా వాసన తగ్గుతోంది. ఇదీ అదేనా?"*

కాకపోవచ్చు. వయసుతో కొంత తగ్గుతుంది. కాని జలుబు లేకుండా మెల్లమెల్లగా తగ్గడం చేతులు వణికే పార్కిన్‌సన్స్, మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ వంటి జబ్బుల్లో చాలా ముందుగా కనిపించే లక్షణం కూడా. ఈ లక్షణం ఉన్నవాళ్లందరికీ ఆ జబ్బులు వస్తాయని కాదు. ఒకసారి చూపించండి. అలాగే ఒక్క ముక్కు రంధ్రమే మూసుకుపోయి రక్తం వస్తూ ఉంటే ఆలస్యం చేయకండి.

*"రోజూ ఆవిరి పట్టమని అందరూ చెబుతున్నారు."*

ఆవిరి దిబ్బడకు పనికొస్తుంది, నాడికి కాదు. మరిగే నీళ్ల గిన్నె ఒళ్లో బోర్లాపడి తొడలు కాలినవాళ్లను చాలామందిని చూశాం. దుప్పటి కప్పుకుని పిల్లలచేత పట్టించడం అసలు వద్దు.

*"మా అబ్బాయికి పుట్టినప్పటి నుంచీ వాసన తెలియదు. ఈ సాధన చేయించవచ్చా?"*

పుట్టుకతోనే లేకపోతే సాధన వల్ల ఉపయోగం ఉండదు. యుక్తవయసు మార్పులు ఆలస్యమవుతున్నాయేమో మాత్రం చూపించండి. రెండూ కలిసి వచ్చే కాల్‌మన్ సిండ్రోమ్ అని ఒకటుంది, దానికి హార్మోను చికిత్స ఉంది.

*"మీరు చెప్పిన అలారం ఎక్కడ బిగించాలి? మా ఇంట్లో పొయ్యి పైన గోడకు పెట్టారు."*

మీది సిలిండరు గ్యాసా, పైపు గ్యాసా? సిలిండరు అయితే అక్కడినుంచి తీసేయండి. సిలిండరు గ్యాస్ గాలికన్నా బరువు, లీకయితే నేల మీద పరుచుకుంటుంది. అలారం నేల నుంచి అడుగు ఎత్తులోపే ఉండాలి. పైపులో వచ్చేది మీథేన్, గాలికన్నా తేలిక, పైకప్పు కింద పేరుకుంటుంది, దానికి అలారం పైనే ఉండాలి. పొయ్యికి మరీ దగ్గరగా పెడితే ఆవిరికీ నూనె పొగకూ ఊరికే మోగుతుంది, విసుగెత్తి తీసేస్తారు. కొనేటప్పుడు ఇంట్లో ఏ గ్యాసో దుకాణంలో చెప్పి అడగండి, నెలకోసారి పరీక్ష మీట నొక్కి చూడండి, ఎన్నేళ్లకు మార్చాలో డబ్బా మీద రాసి ఉంటుంది.